మూడో కుర్చీ ఎవరిది?

పోయిన సంచికలో ఒక విద్యార్థి 'నైజీరియా రచయితల్లో అందరికంటే గొప్ప ఎవరు సార్?' అని అడిగితే 'చినువా అచెబె, ఆ తర్వాత వోలే సోయింకా, మూడో పేరు దగ్గర ఆగి ఆలోచించాలి' అని ఒక్క వాక్యంలో తేల్చేశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టి 'ఈసారి పేజీలన్నీ మీవే, మీ తంటాలు మీరు పడండి' అన్నారు ఎడిటర్ గారు. కొత్త పాఠకుల కోసం ఒక మాట. ఎనభైల మొదట్లో నేను ఉత్తర నైజీరియాలో, జారియా ఊళ్లో, ఒక సెకండరీ స్కూల్లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పాను. చమురు డబ్బు పొంగుతున్న కాలం. ఒక నైరా ఇస్తే డాలరుకు పైనే వచ్చేది, అందుకే నాలాంటి టీచర్లు చాలామంది అక్కడికి వెళ్లారు. ఈ విషయంలో నాకున్న చదువంతా ఆ స్టాఫ్‌రూమ్‌లో అబ్బిందే.

ప్రశ్న: మాస్టారూ, నోబెల్ వచ్చింది సోయింకాకు. మీరేమో అచెబెకు పట్టం కట్టారు. స్వీడన్ వాళ్లకు తెలియంది మీకు తెలిసిందా? (ఒక బ్యాంకు ఉద్యోగి)

జవాబు: 1986లో వాళ్లు సోయింకాకు నోబెల్ ఇచ్చారు. నల్లజాతి ఆఫ్రికన్‌కు సాహిత్య నోబెల్ రావడం అదే మొదలు. సరైన మనిషికే ఇచ్చారు, అందులో నాకు పేచీ లేదు. అచెబెకు ఇవ్వకపోవడం కూడా ఒక తీర్పే అని మీరు అనుకుంటున్నారు. పేచీ అక్కడ.

ముందు సోయింకా సంగతి. ఆయన నాటకాల్లో 'డెత్ అండ్ ద కింగ్స్ హార్స్‌మన్' ఒక్కటి చదివినా చాలు. 1946లో ఓయో పట్టణంలో నిజంగా జరిగిన ఘటన దానికి మూలం. రాజు పోయాడు. ఆచారం ప్రకారం రాజుగారి అశ్వపాలకుడు కూడా ప్రాణం విడిచి వెంట వెళ్లాలి. బ్రిటిష్ జిల్లా అధికారి దాన్ని ఆపాలని చూస్తాడు. కథ ఇంతే అనుకుంటాం. ఒక సన్నివేశం చూడండి. దొర, దొరసాని ఆ రాత్రి ఫ్యాన్సీ డ్రెస్ పార్టీకి తయారవుతుంటారు. వాళ్లు సరదాగా వేసుకున్నవి జనం దగ్గర జప్తు చేసిన ఎగుంగున్ దుస్తులు, అంటే చనిపోయిన పెద్దలు దిగివచ్చే వేషం. అశ్వపాలకుడి గురించి రిపోర్టు ఇవ్వడానికి స్థానిక సార్జెంట్ అముసా వస్తాడు. అతను ముస్లిం, పోలీసు యూనిఫాంలో ఉన్నాడు, అయినా నోరు పెగలదు. మృత్యువు వేషం కట్టిన మనిషితో మృత్యువు గురించి ఎలా మాట్లాడను దొరా అని నిలబడిపోతాడు. దొరకు చిరాకు, ప్రేక్షకుడికి నవ్వు, ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. ఇలా రాయగలవాడు ఆ తరంలో ప్రపంచం మొత్తం మీద ఎంతమంది ఉన్నారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మరి అచెబె ఎందుకు పైన? అందరూ 'థింగ్స్ ఫాల్ అపార్ట్' చూపిస్తారు. 1958 నాటి పుస్తకం, యాభైకి పైగా భాషల్లోకి వెళ్లింది. నేను మాత్రం 1964లో వచ్చిన 'యారో ఆఫ్ గాడ్' చూపిస్తాను. ఎజెయులు అనే ప్రధాన పూజారి ఉంటాడు. ప్రతి అమావాస్య తర్వాత నెలవంక కనిపించగానే గుడి సొత్తయిన యామ్ దుంప ఒకటి కాల్చుకుని తినాలి. చివరిది తిన్నాకే కొత్త పంట పండుగ ప్రకటించాలి, పండుగ అయ్యాకే ఊరు పొలంలో దుంప తవ్వాలి. తెల్లవాళ్లు ఇస్తామన్న పదవి వద్దన్నందుకు అతన్ని నిర్బంధిస్తారు. లోపల ఉండగా నెలవంకలు వచ్చి పోతాయి. తిరిగొచ్చేసరికి దుంపలు మిగిలిపోయాయి, లెక్క తప్పింది. ఊరి పెద్దలు వచ్చి బతిమాలతారు. 'మిగిలినవి ఇప్పుడే తినెయ్యి, పాపం ఏదైనా ఉంటే మా నెత్తిన వేసుకుంటాం' అంటారు. తినడు. దేవుడి నియమమా, తనను లోపల వేసినప్పుడు ఊరు పట్టించుకోలేదన్న కసా, అతనికే తెలియదు. మనకూ తెలియనివ్వడు అచెబె. పంట భూమిలోనే కుళ్లుతుంది, జనం ఆకలికి తాళలేక చర్చిలో దుంప సమర్పించి తవ్వుకోవడం మొదలుపెడతారు. ఒక మతం ఊళ్లోకి ఎలా వచ్చిందో ఇంత స్పష్టంగా చెప్పిన చరిత్ర పుస్తకం నేను చూడలేదు. తన నవలల్లో మళ్లీ కూర్చుని చదువుకునేది ఏదైనా ఉంటే బహుశా ఇదేనని అచెబె కూడా రెండో ముద్రణ ముందుమాటలో చెప్పుకున్నాడు.

రెండో కారణం పుస్తకాలకు బయటిది. మొదటి నవల చేతిరాత ప్రతి, ఉన్న ఒకే ఒక్క ప్రతి, టైపు చేయించుకోవడానికి లండన్‌లోని ఒక సంస్థకు పోస్టులో పంపాడు అచెబె. 22 పౌండ్లు కట్టాడు. నెలలు గడిచినా ఉలుకూ లేదు పలుకూ లేదు. నైజీరియా రేడియోలో ఆయనతో పనిచేసే ఒక ఇంగ్లిష్ ఆవిడ సెలవు మీద లండన్ వెళ్లి నిలదీస్తేగాని అది దుమ్ములోంచి బయటికి రాలేదు. అలాంటి అనుభవం ఉన్నవాడు 1962 నుంచి పదేళ్లు లండన్ ప్రచురణ సంస్థ హైన్‌మన్ వారి 'ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్'కు సంపాదకుడుగా ఉండి, దాదాపు వంద పుస్తకాలు బయటికి రావడానికి కారణమయ్యాడు. మొత్తం ఖండం నుంచి వచ్చిన రాతప్రతులు. తన పుస్తకాలు తాను రాసుకుంటూనే ఇదంతా చేశాడు. ఇంతా చేసి, 'ఆధునిక ఆఫ్రికా సాహిత్య పితామహుడు' అని ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు.

ప్రశ్న: అచెబె ఇగ్బో, సోయింకా యొరుబా. అక్కడ ఈ వాదన జాతుల గొడవే అని ఎక్కడో చదివాను. నిజమేనా సార్? (పీజీ విద్యార్థి)

జవాబు: సగం నిజం బాబూ. మా స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మాస్టారు ఇగ్బో. 1966లో ఉత్తరాదిలో ఇగ్బోల మీద జరిగిన మారణకాండలో ఉన్నదంతా వదిలేసి తూర్పుకు పారిపోయి, ఆ తర్వాత వచ్చిన అంతర్యుద్ధం ముగిశాక మళ్లీ అదే ఊరికి ఉద్యోగానికి వచ్చినవాడు. జాగ్రఫీ మాస్టారు యొరుబా. మధ్యాహ్నం టీ వేళకు ఇద్దరికీ వాదన పడేది. 'మీవాడు రాసింది చదవాలంటే పక్కన డిక్షనరీ, దాని పక్కన మరో డిక్షనరీ కావాలి' అని లెక్కల మాస్టారు. 'మీవాడు పిల్లల ఎగ్జామ్‌కి పనికొస్తాడు, అందుకే వాయెక్ వాళ్లు పెట్టారు' అని జాగ్రఫీ మాస్టారు. వాయెక్ అంటే పశ్చిమ ఆఫ్రికాలో ఇంగ్లిష్ వాడే దేశాలకు స్కూలు ఫైనల్ పరీక్ష పెట్టే సంస్థ. ఆ రోజుల్లోనే, 1980లో, చిన్వైజు, మరో ఇద్దరు విమర్శకులు కలిసి ఒక పుస్తకం రాసి సోయింకా కవిత్వంలోని క్లిష్టతను ఉతికి ఆరేశారు. ఆ పుస్తకం ఎలాగో సంపాదించి మా లెక్కల మాస్టారు దాన్ని బైబిల్‌లా పట్టుకు తిరిగేవాడు. 2012లో అచెబె తన చివరి పుస్తకం 'దేర్ వాజ్ ఎ కంట్రీ'లో బియాఫ్రా (అంతర్యుద్ధంలో ఇగ్బోల తూర్పు ప్రాంతం విడిపోయి పెట్టుకున్న దేశం) ఆకలిచావులకు యొరుబా నాయకుడు అవొలొవోను తప్పుపట్టినప్పుడు కూడా అదే గొడవ దేశమంతా రేగింది.

మిగతా సగం ఇది. అంతర్యుద్ధం వచ్చినప్పుడు యొరుబా అయిన సోయింకా బియాఫ్రాకు వెళ్లి వాళ్ల నాయకుడిని కలిశాడు, యుద్ధం ఆపే దారి వెతకడానికి. దానికి ఫలితంగా దాదాపు రెండేళ్లు జైల్లో ఉన్నాడు, అందులో ఎక్కువ భాగం ఒంటరి గదిలో. ఎవరి జాతి కోసం వెళ్లాడు?

ఇంకోటి. 1986లో మమ్మన్ వాత్సా అనే మేజర్ జనరల్‌కు కుట్ర కేసులో మరణశిక్ష పడింది. వాత్సా కవి కూడా. రచయితల సంఘానికి అబుజాలో స్థలం ఇప్పించినవాడు. అప్పటి సైనిక పాలకుడు బాబంగిడాకు చిన్ననాటి స్నేహితుడు. అచెబె, సోయింకా, కవి జె.పి. క్లార్క్ ముగ్గురూ కలిసి లాగోస్‌లోని డోడన్ బ్యారక్స్‌కు వెళ్లి వాత్సా ప్రాణం కోసం బాబంగిడాను అడిగారు. ఆయన మర్యాదగా విన్నాడు. అయినా వాత్సాను కాల్చేశారు. నేను అప్పటికి తిరిగొచ్చేశాను. జాగ్రఫీ మాస్టారు రాసిన ఉత్తరంలో ఈ సంగతి ఉంది. ఎవరు గొప్ప అన్న ప్రస్తావన ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. మామూలుగా అయితే ఉండకుండా ఉండేది కాదు.

ప్రశ్న: అంకుల్, మీ మొదటి రెండు పేర్లూ మగవాళ్లవే. ఈ రోజుల్లో మాలాంటి వాళ్లం చదివేది చిమమాండా అడిచీని. ఆ పేరు మీకు గుర్తే రాలేదా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని)

జవాబు: గుర్తొచ్చిందమ్మా. మూడో పేరు దగ్గర ఆగానని రాశాను కదా, ఆగింది ఆడవాళ్ల మధ్యే. అడిచీ ఒకరు, బుచి ఎమెచెటా ఒకరు.

అడిచీ రాసినవాటిలో నాకు 'హాఫ్ ఆఫ్ ఎ యెల్లో సన్' ముఖ్యం. 2006లో వచ్చింది, మరుసటేడు ఆరెంజ్ ప్రైజ్ తెచ్చుకుంది. ఎన్సుక్కాలో ప్రొఫెసర్ ఇంట్లో పనికి చేరిన ఉగ్వు అనే కుర్రాడి కళ్లతో బియాఫ్రా యుద్ధాన్ని చూపిస్తుంది. మా లెక్కల మాస్టారు ఎప్పుడూ పూర్తిగా చెప్పకుండా మధ్యలో ఆపేసిన విషయాలన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. యుద్ధం ముగిసిన ఏడేళ్లకు పుట్టిన మనిషి రాసిందంటే నమ్మలేం. ఎన్సుక్కా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆమె పెరిగిన ఇల్లు అంతకుముందు అచెబె ఉన్న ఇల్లే అన్నది అందరూ చెప్పే కబురు. దానికి మనం పెద్ద అర్థాలు తీయక్కర్లేదు, అది స్టాఫ్ క్వార్టర్స్.

కానీ నా మూడో కుర్చీ ఎమెచెటాదే. 1944లో లాగోస్‌లో పుట్టింది. పదహారేళ్లకే పెళ్లి. లండన్ వెళ్లింది, ఇరవై రెండేళ్లకు అయిదుగురు పిల్లలు. మొదటి నవల రాతప్రతిని భర్త కాల్చేశాడు. ఆవిడ పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేసి, ఉద్యోగం చేస్తూ, సోషియాలజీలో డిగ్రీ చదువుతూ, తెల్లవారుజామున లేచి రాసింది. కాలిపోయిన నవలను మళ్లీ మొదటినుంచి రాసి 1976లో 'ద బ్రైడ్ ప్రైస్' పేరుతో అచ్చు వేయించింది. ఈ కష్టాలకు మార్కులు వేసి కుర్చీ ఇవ్వడం లేదు సుమా. ఇచ్చింది 1979 నాటి 'ద జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్'కు.

అందులో ఎన్ను ఎగో అనే పల్లెటూరి పిల్ల లాగోస్‌లో కాపురానికి వస్తుంది. భర్త ఒక తెల్ల దొర ఇంట్లో బట్టలు ఉతికేవాడు. దొరసాని లోదుస్తులు ఉతికి ఇస్త్రీ చేసే మగాడిని మొగుడని ఎలా అనుకోవాలో ఆమెకు అర్థం కాదు. పిల్లలు పుట్టడమే స్త్రీకి ఐశ్వర్యమని నమ్మి, వాళ్ల కోసం తన ఒళ్లు అరగదీసుకుంటుంది. కొడుకులు విదేశాలకు వెళ్తారు. ఆమె రోడ్డు పక్కన, ఎవరూ చేయి పట్టుకోకుండా, చచ్చిపోతుంది. అప్పుడొచ్చిన కొడుకులు ఊళ్లో ఎవరూ ఎరగనంత ఘనంగా కర్మకాండ జరిపిస్తారు. దానికి చేసిన అప్పు తీర్చడానికి పెద్దకొడుక్కి మూడేళ్లు పడుతుంది. ఆమె పేర గుడి కూడా కడతారు, పిల్లల్లేనివాళ్లు వచ్చి మొక్కుకోవడానికి. ఆమె మాత్రం ఎవరికీ పిల్లల్ని ఇవ్వదు. నేను ఈ పుస్తకం జారియాలో సబోన్ గరి బజారులో, దక్షిణాది వాళ్లు ఎక్కువగా ఉండే పేటలో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆ చివరి పేజీ మార్జిన్‌లో నాకు ముందు చదివినవాళ్లెవరో పెన్సిల్‌తో 'గుడ్!' అని రాశారు. పిల్లల్ని ఇవ్వని ఆ వాక్యం పక్కనే.

ఈ పుస్తకం పేరు కూడా మరో నైజీరియా రచయిత్రి ఫ్లోరా న్వాపా 1966 నవల 'ఎఫురు' చివరి వాక్యాల్లోంచి తీసుకున్నదే. ఆ న్వాపా రాతప్రతిని లండన్‌కు పంపించింది ఎవరనుకున్నారు? అచెబె. మీరు ఎటు తిప్పినా ఆయనే వస్తాడు.

అడిచీ ఇంకా రాస్తోంది. నవలల్లో పన్నెండేళ్ల విరామం తర్వాత, 2025లో, 'డ్రీమ్ కౌంట్' అనే నవల ఇచ్చింది. కుర్చీకి తొందరేం లేదు.

ప్రశ్న: న్గూగీ వా థియాంగోను ఎందుకు వదిలేశారు? (పేరు రాయలేదు)

జవాబు: ఆయనది కెన్యా.

ప్రశ్న: అయ్యా, అమోస్ టుటువోలాను గొప్ప రచయిత అంటారు. నాలుగు పేజీలు చదివాను. ఒక్క వాక్యం గ్రామర్ ప్రకారం లేదు. ఇదేం గొప్ప? (రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్)

జవాబు: మీరూ నేనూ జీవితమంతా పిల్లల వ్యాసాల్లో ఎర్ర ఇంకుతో కొట్టేసిన వాక్యాలవి, మీ బాధ అర్థమైంది. ఆయన చదివింది ఆరేళ్లు. లాగోస్‌లో కార్మిక శాఖ ఆఫీసులో మెసెంజర్‌గా ఉంటూ రాసిన 'ద పామ్ వైన్ డ్రింకర్డ్' 1952లో లండన్‌లో ఫేబర్ వారు వేశారు. కవి డిలన్ థామస్ మెచ్చుకున్నాడు. నైజీరియాలో చదువుకున్నవాళ్లు మాత్రం తలదించుకున్నారు, మనకు ఇంగ్లిష్ రాదని తెల్లవాళ్లు నవ్వుకుంటారని.

అయ్యా, గ్రామర్ పక్కన పెట్టి కథ వినండి. పదేళ్ల వయసు నుంచీ కల్లు తాగడం తప్ప మరో పని ఎరగని వాడొకడు. కల్లు గీసి ఇచ్చేవాడు చెట్టు మీంచి పడి చచ్చిపోతే, వాడిని వెనక్కి తెచ్చుకోవడానికి చనిపోయినవాళ్ల ఊరికి బయల్దేరతాడు. దారిలో ఒక అందగాడి ఉదంతం వస్తుంది. సంతలో వాడిని చూసి ఒక అమ్మాయి వెంటబడుతుంది. అడవిలోకి వెళ్లేకొద్దీ వాడు కాళ్లూ చేతులూ ఒంట్లో ఒక్కో భాగం ఎవరి దగ్గర అద్దెకు తెచ్చాడో వాళ్లకు తిరిగిచ్చేసి, అద్దె కట్టేసి, చివరికి ఒట్టి పుర్రెగా మిగులుతాడు. సరైన గ్రామర్‌లో దీన్ని ఎవరైనా రాసి ఉంటే నాకు చూపించండి. 1977లో ఇబాడాన్‌లో అచెబె ఒక ఉపన్యాసం మొత్తం ఈ పుస్తకానికే కేటాయించి, అప్పటిదాకా నవ్వినవాళ్ల నోళ్లు మూయించాడు.

కెన్ సారో వివా 1985లో తెచ్చిన 'సోజాబాయ్' కూడా ఇలాంటిదే, అయితే ఆయన యూనివర్సిటీలో చదువుకుని కావాలనే 'కుళ్లు ఇంగ్లిష్'లో రాశాడు, ఆ మాట అట్ట మీదే వేసుకున్నాడు. యుద్ధం అంటే ఏమిటో తెలియకుండా సైన్యంలో చేరిన పల్లెటూరి కుర్రాడి మాట అది. 1995 నవంబరు 10న సైనిక పాలకుడు అబాచా ప్రభుత్వం ఆయన్ని ఉరితీసింది. తన జాతి ఒగోనిల నేలను చమురు కంపెనీలు పాడుచేస్తున్నాయని ఉద్యమం నడిపినందుకు, హత్య కేసు పెట్టి. దాంతో జనానికి ఉద్యమకారుడు గుర్తుండిపోయి నవలాకారుడు వెనకబడ్డాడు. ఆ ఒక్క పుస్తకంతోనే ఆయన మొదటి పదిమందిలో ఉంటాడు, నా లెక్కలో.

ప్రశ్న: మీరు చెప్పినవాళ్లంతా ఇంగ్లిష్‌లో రాసినవాళ్లే. వాళ్ల భాషల్లో ఎవరూ రాయలేదా? (తెలుగు పండిట్)

జవాబు: పంతులుగారూ, ఇదే ప్రశ్న మా స్టాఫ్‌రూమ్‌లో ఇస్లామిక్ స్టడీస్ చెప్పే హౌసా మాస్టారు వేసేవాడు. ఆ ఇద్దరూ అచెబె, సోయింకా అని అరుచుకుంటుంటే కోలానట్ నములుతూ వినేవాడు. ఒకరోజు 'మీ ఇద్దరినీ మా అమ్మ చదవలేదు. ఇమామ్ కథలు మాత్రం మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు' అన్నాడు. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.

ఆయన చెప్పింది అబూబకర్ ఇమామ్ గురించి. ముప్ఫైల్లో రాసిన 'మగానా జారి చే' మూడు సంపుటాల కథలు. యువరాజును యుద్ధానికి పోనివ్వకుండా ఒక చిలుక కథ మీద కథ చెబుతూ ఆపుతుంది. మన శుకసప్తతి చదివినవాళ్లకు ఆ చిలుక పాత చుట్టమే. తర్వాత ఇమామ్ 1939లో మొదలైన హౌసా పత్రిక 'గస్కియా తా ఫి క్వాబో'కు మొదటి సంపాదకుడయ్యాడు. యొరుబాలో డి.ఓ. ఫగున్వా ఉన్నాడు. 1938లో వచ్చిన ఆయన నవల, భూతాల అడవిలో వేటగాడి కథ, యొరుబా పిల్లలు తరతరాలుగా బడిలో చదువుకున్నారు. దాన్ని 1968లో ఇంగ్లిష్‌లోకి తెచ్చింది సోయింకా. టుటువోలా అడవి కూడా ఫగున్వా అడవి పక్కదే.

ఇంగ్లిష్‌లో రాస్తే ఆఫ్రికా సాహిత్యం దారి మూసుకుపోతుందని ఓబి వాలి అనే నైజీరియా విమర్శకుడు 1963లోనే రాశాడు. పెద్ద గొడవ అయింది, అందరూ ఇంగ్లిష్‌లోనే తిట్టుకున్నారు.

ఇక నేను వచ్చేసే నాటికి మొగ్గ తొడుగుతున్న సంగతి ఒకటి ఉంది. ఉత్తరాది నగరం కానో బజారులో ఆడవాళ్లు రాసి, అచ్చు వేయించి అమ్మే హౌసా ప్రేమ నవలలు. పలచటి పుస్తకాలు, పెళ్లిళ్లు, సవతులు, మొగుళ్ల దాష్టీకాలు. పండితులకు చిన్నచూపు, ఆడపిల్లలకు ప్రాణం. వాటిలో బాలరబా రమత్ యాకుబు రాసిన ఒక నవలను 2012లో చెన్నైలోని బ్లాఫ్ట్ సంస్థ ఇంగ్లిష్‌లో వేసింది. నా జాబితా ఇంగ్లిష్ జాబితానే, ఒప్పుకోవాల్సిందే. హౌసా నాకు బేరమాడేంత వచ్చు, నవల చదివేంత రాదు. ఆ మాస్టారి అమ్మగారు జాబితా వేస్తే మొదటి పేరు ఇమామ్‌దే.

ప్రశ్న: ఒకే ఒక్క చిన్న కవితల పుస్తకంతో గొప్ప కవి కావచ్చా? క్రిస్టఫర్ ఒకిగ్బో గురించి అడుగుతున్నాను. (ఒక కవి)

జవాబు: కావచ్చు, మీకు ఆశ ఉంచుకోండి. ఒకిగ్బో 1967లో బియాఫ్రా సైన్యంలో మేజర్‌గా పోరాడుతూ ఎన్సుక్కా దగ్గర చనిపోయాడు, ముప్ఫై అయిదేళ్లకు. 'లాబిరింత్స్' ఆయన పోయాక 1971లో వచ్చింది. 1966లో డకార్‌లో నల్లజాతి కళల ఉత్సవంలో ఇచ్చిన బహుమతిని, కవిత్వానికి రంగు ఏమిటని, తిరస్కరించినవాడు. అడిచీ నవలలో ఒకెయోమా అనే కవి పాత్రకు ఆయనే ఆధారం. ఆ పద్యాలు గట్టిగా చదివితే బాగుంటాయి, అర్థం కోసం కూర్చుంటే విసుగొస్తుంది. మొదటి పదిమందిలో ఉంటాడు, కవుల్లో అయితే మొదటివాడు.

ప్రశ్న: బెన్ ఓక్రికి బుకర్ కూడా వచ్చిందిగా, ఒక్కసారి కూడా పేరెత్తలేదు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి సార్. (డిగ్రీ విద్యార్థి)

జవాబు: మొదలుపెట్టాల్సింది 'థింగ్స్ ఫాల్ అపార్ట్'తోనే, వేరే దారి లేదు. పలచటి పుస్తకం, రెండు రాత్రుల పని. తర్వాత ఎమెచెటా. సోయింకాను నవలలతో మొదలుపెట్టొద్దు, 'ది ఇంటర్‌ప్రెటర్స్' చేతికిచ్చి చాలామందిని ఆయనకు దూరం చేశారు. చిన్నప్పటి జ్ఞాపకాలు రాసుకున్న 'అకే' తీసుకో. నవ్విస్తుంది. నాటకం ఆ తర్వాత.

ఓక్రి 'ద ఫామిష్డ్ రోడ్'కు 1991లో బుకర్ వచ్చింది. పుట్టి చచ్చి మళ్లీ పుట్టే ఆత్మ శిశువు కథ, అయిదొందల పేజీలు. మొదటి వంద పేజీలు అద్భుతం. తర్వాత మళ్లీ అదే అద్భుతం, మళ్లీ అదే. మూడుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. నువ్వు పూర్తి చేస్తే చివర్లో ఏమైందో ఈ చిరునామాకే ఒక కార్డు ముక్క రాయి బాబూ, వచ్చే సంచికలో వేస్తాను.